రంజకం తడిసిన రోజు – తుపాకీ నిప్పురవ్వ కథ

మన సంఘ సభ్యులలో పోలీసు, రెవిన్యూ, అటవీ శాఖలలో పనిచేసి రిటైరైనవారు చాలామంది ఉన్నారు. తుపాకీ అనగానే వారికి లైసెన్సు రిజిస్టర్లు, ఎన్నికలు వస్తే స్టేషనులో తుపాకులు డిపాజిట్ చేయించడం, అడవి పందులు చెరకు తోటలు తొక్కేస్తున్నాయని రైతులు పెట్టుకున్న అర్జీలు గుర్తుకు వస్తాయి. నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో ఆయుధాగారం పని చూసినవాణ్ణి. తుపాకీ విప్పడం, తుడవడం, బిగించడం, లెక్క అప్పజెప్పడం – ఇదే నా ఉద్యోగం.

అమెరికాలో ఉంటున్న మా అన్న కుమారుడు ఆ మధ్య ఫోను చేసి, "చిన్నాయనా, నేనిక్కడ రైఫిల్ క్లబ్బులో చేరినాను. కాల్చిన తూటాలకు మళ్లీ మందు నింపుకొని వాడుకుంటాము. తూటా అడుగున ప్రైమరు ఎక్కించే చేతి పరికరం ఒకటి కొనాల. ఏది నమ్మకమైందో నువ్వు చెప్పు. వచ్చేటప్పుడు నీకూ ఒకటి తెస్తాను" అన్నాడు. వాడి ప్రశ్న చిన్నదే. దాని వెనుక మూడు నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మన సీమకు, మన తెలుగు సిపాయిలకు కూడా భాగం ఉంది. వాడికి చెప్పిన జవాబునే కొంచెం పెంచి ఈ ప్రత్యేక సంచికకు వ్రాస్తున్నాను.

రంజకం అంటే

తుపాకీలో మందు రెండు చోట్ల ఉంటుంది. నాళం లోపల గుండును తోసేది పెద్ద మందు. ఆ పెద్ద మందుకు నిప్పు అందించేది చిటికెడు మందు. ఈ చిటికెడు మందుకే మనవాళ్లు రంజకం అని పేరు పెట్టారు. నాళం పక్కన చిన్న గిన్నెలాంటి భాగం, దాని నుంచి లోపలికి సన్నని రంధ్రం ఉంటుంది. గిన్నెలో రంజకం పోసి, దానికి నిప్పు తగిలిస్తే మంట రంధ్రం గుండా లోపలికి పోయి పెద్ద మందును అంటిస్తుంది.

మొదట్లో నిప్పు తగిలించడానికి మండుతున్న వత్తిని వాడేవారు. అవి వత్తి తుపాకులు. వత్తి ఆరిపోతే తుపాకీ కట్టెతో సమానం. రాత్రిపూట ఆ వత్తి నిప్పే మనిషి జాడను శత్రువుకు పట్టించేది. తరువాత చకుముకి రాయి వచ్చింది. ట్రిగ్గర్ లాగితే రాయి ఉక్కు పలకను కొట్టి రవ్వలు రాలుతాయి, రంజకం అంటుకుంటుంది. వత్తి బాధ తప్పింది. కానీ గిన్నెలోని రంజకానికి వాన, గాలి, చెమ్మ అనే ముగ్గురు శత్రువులు అలాగే ఉండిపోయారు.

మన సీమలో తుపాకులు

మన పొరుగునే ఉన్న కార్వేటినగరం, అవతల కాళహస్తి, వెంకటగిరి – ఇవన్నీ పాలెగాళ్ల సంస్థానాలు. ఒకప్పుడు పాలెగాడంటే కొన్ని గ్రామాల శిస్తు, కొంత సైన్యం ఉన్నవాడు. 1780లో హైదర్ అలీ కర్ణాటకం మీదికి దిగివచ్చినప్పుడు ఈ ప్రాంతమంతా యుద్ధభూమి అయింది. ఆ సంవత్సరం ఆగస్టు నెలాఖరులో కర్నల్ బెయిలీ నడిపించుకొని వస్తున్న కంపెనీ సైన్యం కొర్తలయారు గట్టున దిగింది. ఆ రాత్రి ఏరు పొంగింది. దాటడానికి వారం రోజులకు పైగా పట్టింది. మన నగరి మీదుగా పారే కుశస్థలి నీళ్లు చేరేది ఆ ఏటిలోకే. ఆలస్యానికి ఫలితం 1780 సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో కనిపించింది. యుద్ధం మధ్యలో బెయిలీ సైన్యపు మందుబండ్లు పేలిపోయాయి, సైన్యం ఓడిపోయింది. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో మరణించాడు.

ఆ తరువాత 1800లో నిజాము రాయలసీమ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. థామస్ మన్రో 1807 వరకు అక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి పాలెగాళ్ల సైనిక బలాన్ని అణచివేశాడు. ఇటువైపు వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరం పాలెగాళ్లకు 1802లో శాశ్వత సన్నదులు ఇచ్చి, వారు చేయవలసిన సైనిక సేవను డబ్బు రూపంలో పేష్కషులో కలిపేశారు. పాలెగాడు జమీందారు అయ్యాడు. పాలెగాడి చేతిలోని తుపాకీ కంపెనీ చేతికి మారింది. ఆ తుపాకీ పట్టుకోవడానికి మాత్రం మన పల్లెల కుర్రవాళ్లే కావలసివచ్చారు. మదరాసు సైన్యంలో తెలుగువారు ఎంతగా చేరారంటే, ఉత్తరదేశంలో సిపాయిని చాలాకాలం "తిలంగా" అనే పిలిచేవారు.

కాంటన్ వాన

ఇప్పుడు నేను చెప్పబోయే సంఘటన మన దేశానికి చాలా దూరంలో జరిగింది. కానీ రంజకం విలువ తెలియాలంటే దీన్ని మించిన ఉదాహరణ లేదు.

మొదటి నల్లమందు యుద్ధంలో 37వ మదరాసు నేటివ్ ఇన్‌ఫెంట్రీ చైనాకు వెళ్లింది. 1841 మే 30న కాంటన్ నగరం బయట, సాన్‌యువాన్‌లీ అనే పల్లె దగ్గర గ్రామస్తులు వేలాదిగా తిరగబడ్డారు. ఉరుములు మెరుపులతో కుంభవృష్టి. పొలాలు, గట్లు ఏకమైపోయాయి. ఆ గందరగోళంలో ఈ పటాలానికి చెందిన ఒక కంపెనీ, అరవై మంది దాకా సిపాయిలు, ముఖ్య సైన్యం నుంచి తెగిపోయారు. వారి చేతిలోనివి చకుముకి తుపాకులు. వానకు రంజకం తడిసి ముద్దయింది. ట్రిగ్గర్ ఎన్నిసార్లు లాగినా తుపాకీ పలకలేదు. సిపాయిలు చతురస్రంగా నిలబడి, బాయనెట్లతో చుట్టూ ఉన్న జనాన్ని నిలువరించారు. ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. తప్పిపోయినవారిని వెతకడానికి రెండు కంపెనీల మెరైన్లను పంపారు. వారిదీ అదే వాన, అదే బురద. వారి తుపాకులు మాత్రం కొత్తగా వచ్చిన రాగిటోపీ తుపాకులు. అవి పేలాయి. దారి తెరుచుకుంది. చీకటి పడిన తరువాత ఆ కంపెనీ ప్రాణాలతో బయటపడింది.

ఒకే సైన్యం, ఒకే సాయంత్రం. తేడా అంతా ఒక చిన్న రాగిటోపీలో ఉంది. పైగా ఆ సంగతి పైవారికి అంతకు ఏడేళ్ల ముందే తెలుసు. 1834లో ఇంగ్లండులోని వూలిచ్‌లో రెండు రకాల తుపాకులతోనూ చెరి 6,000 సార్లు కాల్చి చూశారు. చకుముకి తుపాకులు 922 సార్లు మొరాయించాయి. టోపీ తుపాకులు మొరాయించింది 36 సార్లే. లెక్క వేస్తే మొదటిది ప్రతి 13 సార్లలో 2 సార్లు, రెండోది 166 సార్లకు ఒకసారి. 1841 నాటికీ మన సిపాయిల చేతికి ఆ టోపీ అందలేదు. కొత్త సామాను ముందు తెల్లవారి పటాలాలకు, తరువాతే మనవారికి అన్న లెక్కకు ఆ అరవై మంది ప్రాణం మీదికి వచ్చింది.

రాగిటోపీ ఎలా వచ్చింది

దెబ్బ తగిలితే పేలే రసాయనం పాదరసంతో తయారవుతుందని 1800లో ఎడ్వర్డ్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. స్కాట్లండులో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే పాదిరీకి పక్షుల వేట సరదా ఉండేది. గిన్నెలో రంజకం భగ్గుమనగానే పక్షి ఎగిరిపోతున్నదని ఆయన బాధ. అందుకని వెలుగు బయటికి కనబడకుండా, సుత్తి దెబ్బతో పేలే ఏర్పాటు కనిపెట్టి 1807లో పేటెంటు పొందాడు. తరువాత పదిపదిహేనేళ్లలో ఆ రసాయనాన్ని చిన్న రాగిటోపీలో అతికించడం వాడుకలోకి వచ్చింది. నాళం వెనుక నిప్పిల్ అనే చిన్న గొట్టం మీద ఈ టోపీ తొడుగుతారు. పైనుంచి సుత్తి పడితే లోపలికి మంట పోతుంది. వాన వచ్చినా టోపీ లోపల మందు పొడిగానే ఉంటుంది.

ఇక్కడే మొదటిసారి చేతి పరికరం అవసరం వచ్చింది. టోపీ కందిగింజంత ఉంటుంది. చెమట పట్టిన వేళ్లతో, చలికి బిగిసిన వేళ్లతో దాన్ని తీసి తొడగడం కష్టం. అందుకని షెఫీల్డులో జేమ్స్ డిక్సన్, హాక్స్‌లీ వంటి కంపెనీలు ఇత్తడితో గుండ్రని డబ్బీలు చేశాయి. లోపల స్ప్రింగు ఒక్కొక్క టోపీని మూతి దగ్గరికి తోస్తుంది. మూతిని నిప్పిల్‌కు ఆనించి నొక్కితే టోపీ కూర్చుంటుంది. మా అన్న కొడుకు అడిగిన పరికరానికి ఇదే పూర్వీకురాలు.

టోపీ తుపాకీకి ఒక నియమం ఉంది. టోపీ నిప్పిల్ మీద చివరిదాకా దిగాలి. సగం దిగితే సుత్తి మొదటి దెబ్బ దాన్ని కిందికి నెట్టడానికే సరిపోతుంది, పేలదు. రెండో దెబ్బకు పేలుతుంది. ఈ నియమాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. నేటి పరికరాల మంచిచెడ్డలు కూడా దీని మీదనే ఆధారపడి ఉన్నాయి.

1857 తిరుగుబాటుకు తక్షణ కారణమైన ఎన్‌ఫీల్డ్ తుపాకీ కూడా టోపీ తుపాకీయే. కొవ్వు వివాదం తూటా చుట్టిన కాగితం గురించి వచ్చింది, టోపీకి దానితో సంబంధం లేదు. ఆ తరువాత పాలకులకు భయం పట్టుకుంది. సిపాయిలకు గురి తక్కువైన నునుపునాళం తుపాకులు ఇచ్చారు. 1878లో లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం వచ్చి, భారతీయుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు తప్పనిసరి అయింది. యూరోపియన్లకు మినహాయింపు. ఈ వివక్షను సడలించమని 1887లో మదరాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ తీర్మానం చేసింది.

బాక్సర్, బెర్డాన్

1866 ప్రాంతంలో గుండు, మందు, టోపీ మూడూ ఒకే ఇత్తడి గొట్టంలో ఇమిడాయి. ఆనాటి టోపీయే తూటా అడుగున కూర్చునే నేటి ప్రైమరు. టోపీలోని మందు దెబ్బకు నలగాలంటే దాని వెనుక దాగలి లాంటి గట్టి ఆధారం ఉండాలి. ఇంగ్లండులో కర్నల్ బాక్సర్ ఆ దాగలిని ప్రైమరు లోపలే అమర్చాడు. అమెరికాలో హైరమ్ బెర్డాన్ దాన్ని ఇత్తడి గొట్టంలోనే భాగంగా చేశాడు. విచిత్రమేమంటే ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడి పద్ధతి యూరపు సైన్యాలలో స్థిరపడింది.

బాక్సర్ గొట్టానికి అడుగున నడిమధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. పైనుంచి సూది దింపితే వాడిన ప్రైమరు ఊడివస్తుంది, కొత్తది ఎక్కించవచ్చు. బెర్డాన్‌కు పక్కలుగా రెండు సన్నని రంధ్రాలు. సూది దిగదు. అమెరికాలో ఇళ్లలో తూటాలు నింపుకొనే అలవాటు ఇంతగా పెరగడానికి బాక్సర్ పద్ధతి ముఖ్య కారణం.

మనకు బాగా తెలిసిన త్రీ నాట్ త్రీ తూటాలు బెర్డాన్ రకం. వాటి పాత ప్రైమర్లలో వాడిన రసాయనం కాల్చిన తరువాత ఉప్పులాంటి మడ్డిని నాళంలో వదిలేది. అది చెమ్మను పీల్చి నాళాన్ని తుప్పు పట్టించేది. ఫైరింగ్ ప్రాక్టీసు అయిన రోజు మరుగుతున్న నీళ్లు నాళంలో పోసి, పుల్‌త్రూ లాగి, గుడ్డతో తుడిచి, నూనె పట్టించేవరకు మాకు ఇంటికి వెళ్లే ప్రసక్తి ఉండేది కాదు. కాల్చిన ఎంప్టీలు ఒక్కటి తగ్గకుండా లెక్క అప్పజెప్పవలసిందే. ఆ ఎంప్టీలను లెక్కబెట్టి లెక్కబెట్టి ప్రైమరు ఎలా కూర్చోవాలో నాకు కంటికి, వేలికి కూడా తెలిసింది.

ఏ పరికరం నమ్మకమైనది

మా వాడికి నేను చెప్పిన మాటలు ఇవి.

మొదటిది స్పర్శ. బల్లకు బిగించిన పెద్ద యంత్రంతో కూడా ప్రైమరు ఎక్కించవచ్చు. దాని మీట పొడవు కనుక లోపల ఏదైనా అడ్డం పడినా చేతికి తెలియదు. చేతిలో ఇమిడే పరికరానికి ఆ గుణం ఉంది. మన నగరి నేతగాడు మగ్గం మీద కూర్చుంటే నూలు బిగువు చూడనక్కరలేదు, చేతికే తెలుస్తుంది. అలాగే ప్రైమరు గూట్లోకి దిగుతున్నప్పుడు కొద్దిపాటి బిగువు, చివర అడుగు తగిలిన గట్టిదనం రెండూ వేళ్లకు తెలియాలి. బిగువు లేకుండా జారిపోతే ఆ గొట్టం గూడు సాగిపోయిందని అర్థం, దాన్ని పారవేయాలి. ఈ రెండు తేడాలు తెలియనివ్వని పరికరం ఎంత ఖరీదైనా వద్దు.

రెండోది లోతు. ప్రైమరు తూటా అడుగు మట్టానికి కొంచెం లోపలికి, అంగుళంలో వెయ్యోవంతులు మూడు నుంచి అయిదు దాకా దిగి ఉండాలి. పైకి పొడుచుకొని ఉంటే పాత రాగిటోపీ కథే, మొదటి దెబ్బ దాన్ని నెట్టడానికి సరిపోతుంది. కొన్ని ఆటోమేటిక్ తుపాకులలో అయితే తలుపు మూసుకునేటప్పుడే పేలే ప్రమాదం కూడా ఉంది. ఎక్కించిన ప్రతిదాని మీద బొటనవేలు ఆడించి చూడాలి.

మూడోది పళ్లెం. ప్రైమర్లు పోసే పళ్లెంలో ఒకేసారి చాలా ఉంటాయి. ఒకటి నలిగి పేలితే పక్కవి అందుకుంటాయి. నొక్కుతున్న ప్రైమరుకూ పళ్లెంలో ఉన్నవాటికీ మధ్య అడ్డుతలుపు ఉన్న పరికరమే తీసుకోవాలి. ఆర్‌సీబీఎస్ కంపెనీ పరికరంలో ఆ ఏర్పాటు ఉంది. పళ్లెమే లేకుండా ఒక్కొక్కటి చేత్తో పెట్టే సింక్లెయిర్, కె అండ్ ఎమ్ రకాలు నిదానం, కానీ గురి పోటీలకు వెళ్లేవారు వాటినే ఇష్టపడతారు.

నాలుగోది గొట్టాన్ని పట్టుకొనే భాగం. లీ కంపెనీ పరికరానికి ఒక్కొక్క తూటా రకానికి ఒక్కొక్క పట్టు మార్చాలి. ఆర్‌సీబీఎస్‌లో అన్నిటికీ సరిపోయే దవడలున్న రకం ఉంది. ఒకటి రెండు రకాలే కాల్చేవాడికి సరిగ్గా బిగిసే విడి పట్టు మేలు. పది రకాలు కాల్చేవాడికి దవడలది సౌకర్యం.

అయిదోది మీట కీలు. పని అంతా దాని మీదే. అది మెత్తని పోత లోహమైతే కొన్నాళ్లకు అరిగి, లోతు మారిపోతుంది. విడిభాగాలు దొరికే కంపెనీది కొనాలి.

ఇవికాక జాగ్రత్తలు: ప్రైమర్లలో పెద్దవి అంగుళంలో 0.210, చిన్నవి 0.175. రెండూ కలిసిపోకూడదు. నూనె వేళ్లతో ముట్టుకోకూడదు, ముట్టుకుంటే పేలకపోవచ్చు. సైన్యం గొట్టాలలో ప్రైమరు చుట్టూ అంచు నొక్కి ఉంటుంది, ఆ అంచు తీయకుండా కొత్తది బలవంతంగా దింపకూడదు. కళ్లకు అద్దాలు లేకుండా అసలు కూర్చోకూడదు. ఏ ప్రైమరు బిగిసిపోయినా బలం చూపించవద్దు, వెనక్కి తీసి చూడు అన్నాను. చేతి పరికరం కొనేదే ఆ సంగతి చెయ్యికి తెలియడానికి.

మన చట్టం సంగతి

"వచ్చేటప్పుడు నీకూ ఒకటి తెస్తాను" అన్నాడే, దానికి మాత్రం గట్టిగా వద్దని చెప్పాను. కారణం మన కుటుంబాలన్నిటికీ తెలియవలసినది.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కరలేదు. మన దేశంలో అలా కాదు. 1878 చట్టం పోయి 1959 ఆయుధాల చట్టం వచ్చింది. అది 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దానిలో మందుగుండు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా మాత్రమే కాదు, తూటా విడిభాగాలు, తూటా తయారుచేసే యంత్రసామగ్రి కూడా చేరాయి. అంటే ఇక్కడ వట్టి ఇనుప పనిముట్టులా కనిపించేది చట్టం దృష్టిలో మందుగుండుతో సమానం. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 5వ సెక్షను ప్రకారం నేరం. 2019 సవరణ తరువాత దానికి శిక్ష 7 ఏళ్లకు తగ్గదు. పిల్లవాడు ప్రేమతో పెట్టెలో పెట్టి తెచ్చిన కానుక విమానాశ్రయంలోనే కేసు కాగలదు. కనుక విదేశాలలో పిల్లలున్న మిత్రులు ఈ సంగతి వారి చెవిన వేయండి.

మన పల్లెలలో ఇంకా కనిపించే పంట రక్షణ తుపాకులు ఆ పాత టోపీ తుపాకీ వంశమే. చట్టంలోని 13వ సెక్షను నిజమైన పంట రక్షణకు మూతి నుంచి మందు నింపే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఇప్పటికీ కల్పిస్తున్నది. అయితే తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి పందిని చంపే అనుమతి ఉన్నట్లు కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దానికి అధికారుల ఉత్తర్వు వేరే కావాలి.

పెన్షనర్ మిత్రులకు మనవి

తండ్రి పేరనో, తాత పేరనో లైసెన్సు ఉన్న తుపాకీ ఇంటి అటక మీద ఉండిపోయిన కుటుంబాలు మన సభ్యులలోనూ ఉండవచ్చు. లైసెన్సుదారు కాలం చేసిన తరువాత ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకోవడం చట్టవిరుద్ధం. 21వ సెక్షను ప్రకారం దాన్ని దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. వారసుడు తన పేర లైసెన్సు కోరవచ్చు. 2016 ఆయుధ నియమాలలోని 25వ నియమం ఇంకొక వెసులుబాటు ఇస్తున్నది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు తన దగ్గర ఉన్నా, బ్రతికుండగానే తన వారసుడి పేర లైసెన్సు ఇమ్మని కోరవచ్చు. మన వయసువారికి ఇది ఉపయోగపడే మాట. మనం పోయిన తరువాత పిల్లలు స్టేషను చుట్టూ తిరిగేకంటే మనం ఉండగానే ఆ పని ముగించడం మంచిది.

అటక మీది డబ్బీలో పాత రాగిటోపీలు, పాత తోటాలు ఉంటే వాటిని గీకి చూడడం, కొట్టి చూడడం, పొయ్యిలో వేయడం చేయకండి. ఏళ్లు గడిచాయి కదా, చచ్చిపోయి ఉంటాయి అనుకోవద్దు. వాన కురిసిన రోజు పేలవలసినది పేలదు, ఎండిన అటక మీద పేలకూడనిది పేలుతుంది. పిల్లల చేతికి అందనివ్వకుండా స్టేషనుకు కబురు చేయండి. వారు వచ్చి పట్టుకుపోతారు.

మా అన్న కొడుకు చివరకు అడ్డుతలుపు ఉన్న పళ్లెం, విడి పట్టు రెండూ ఉన్న పరికరమే కొన్నాడు. మొదట కాల్చిన యాభైలో ఒక్కటీ మొరాయించలేదని ఫోను చేశాడు. కాంటన్ వానలో నిలబడిన ఆ అరవై మంది సిపాయిల సంగతి వాడికి అప్పుడే వివరంగా చెప్పాను. చిటికెడు మందు, గింజంత టోపీ, దాన్ని సరిగ్గా కూర్చోబెట్టిన ఒక చెయ్యి – ఎదుటివాడి చేతిలో ఇవి ఉండి మనవాడి చేతిలో లేకపోతే ఏమవుతుందో ఆ పటాలం వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.